నీటి యడుగున ఊరు, ఒడ్డున తోట

సంఘ సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము మొదట వెనుదీసితిమి. మెట్రిక్యులేషను వరకు చదివి, ఒక కచేరిలో రికార్డు గుమాస్తాగా 36 సంవత్సరములు కట్టలు విప్పుచు కట్టుచు కాలము గడిపినవారము. ధర్మాధర్మములను గూర్చి పెద్దలు వ్రాయుట న్యాయము. మావంటివారు చదువుట న్యాయము. అయినను, ప్రతి యేట కార్తికమాసమున మన సంఘమువారు వనభోజనమునకు పోవు బృందావనోద్యానమును గూర్చి మా మనస్సున చాలకాలముగా ఒక సందేహము మెదలుచున్నది. ఒకరి యిల్లు మునిగిన నీటి యొడ్డున కూర్చుండి మనము వినోదించుట తగునా? ఈ ప్రశ్నకు సమాధానము మాకు లభించినదని చెప్పము. ఎంతవరకు ఆలోచించితిమో అంతవరకు చదువరుల యెదుట పెట్టుచున్నాము.

మైసూరునకు వాయవ్యముగా సుమారు 12 మైళ్ళ దూరమున, కావేరియు, హేమావతియు, లక్ష్మణతీర్థమును కలియు తావునకు దిగువ, కన్నంబాడి అను గ్రామమొకటి యుండెడిది. ఇక్కడివారు నేటికిని ఆనకట్టను కన్నంబాడికట్ట యనియే పిలుతురు. ఊరు పోయినది, పేరు కట్టకు మిగిలినది. 1911 నవంబరులో పని ఆరంభమైనది. అప్పుడు మైసూరు సంస్థానమునకు ముఖ్య యింజనీరుగా నుండి, మరుసటి సంవత్సరము దివానుగా నియమింపబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు ఇక్కడ పసిబిడ్డలకు గూడ తెలియును. ఆయన పుట్టినది ముద్దెనహళ్ళిలో. పూర్వులది గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము. ఇంట తెలుగు మాటాడు కుటుంబము. మన సంఘ సభలలో ఈ మాట గర్వముగా చెప్పుకొందుము. గర్వమునకు వచ్చినప్పుడు "మనవాడు" అని చెప్పుకొనువారము, బాధ్యతకు వచ్చినప్పుడును ఆ మాట మరువరాదని మా యభిప్రాయము. అందుచేతనే ఈ ప్రశ్న మనకు పరాయిది కాదనుచున్నాము.

సిమెంటు మన దేశమున విరివిగా దొరకని కాలమది. కాల్చిన యిటుకల పొడిని సున్నముతో కలిపిన సుర్కీ గచ్చుతోనే అంత గోడయు లేచినది. పొడవు సుమారు 8,600 అడుగులు. జలాశయము నిండుమట్టము 124.8 అడుగులు, వర్షకాలమున మండ్య, మైసూరు జిల్లాలలో పెండ్లి మాటలకంటె ముందుగా వినవచ్చు మాట "కట్టలో నీరెంత?" యనునది. ఈ నీటి మేలు ఎవరు కాదనగలరు? రాగియు ఉలవయు తప్ప మరొకటి పండని మండ్య మెట్టనేలలు, నేడు విశ్వేశ్వరయ్య కాలువ యనబడు కాలువ వలన వరిమళ్ళును చెరకుతోటలును అయినవి. 1933లో మండ్యలో చక్కెర కర్మాగారము వెలసినది. శివసముద్రమునుండి 1902లోనే కోలారు బంగారుగనులకు విద్యుచ్ఛక్తి పోవుచుండెను. వేసవిలో ఏరు సన్నగిల్లినప్పుడు ఆ శక్తికి లోటు రాకుండ చేయుటయు ఈ కట్ట కట్టుటకు ఒక కారణము. ఆ గనులు 2001లో మూతపడినవి గాని, వానిలో దిగి పనిచేసినవారిలో చిత్తూరు ప్రాంతపు తెలుగువారు వేలకొలది కలరు. కన్నంబాడి మునిగిన నీటితో వెలిగిన దీపములలో మనవారి దీపములును కలవని దీని యర్థము.

ఇక తోట. దానిని 1927లో ఆరంభించి 1932లో ముగించిరి. సర్ మీర్జా ఇస్మాయిలు దివానుగా నుండిన కాలము. కాశ్మీరమందలి షాలిమారు తోట యొరవడిని, కట్టకు దిగువగా సుమారు 60 యెకరముల నేలను మెట్లు మెట్లుగా దిద్ది, నడుమ నీరు పారించి, ఇరుప్రక్కల పూలమళ్ళు తీర్చిరి. తోటను రూపొందించినవాడు క్రుంబీగెల్ అను జర్మను దేశస్థుడు. బెంగుళూరు లాల్‌బాగును చిరకాలము చూచినవాడు ఆయనయే. యుద్ధకాలమున శత్రుదేశీయుడని ఆంగ్లప్రభుత్వము ఆయనను నిర్బంధమున నుంచినది. అయినను ఆయన ఈ దేశమును విడువక, 1956లో బెంగుళూరులోనే కన్నుమూసెను. తన యూరు తనకు దూరమైనవాడు ఇతరుల యూళ్ళకు నీడ కల్పించెనని మాకప్పుడప్పుడు తోచుచుండును.

మా చిన్నతనమున కట్టమీదుగా నడచిపోయి తోటలో దిగెడివారము. ఒక ప్రక్క సముద్రమువలె నీరు, మరియొక ప్రక్క పాతాళమువలె లోతున పూలు. భద్రత నిమిత్తము ఆ దారి ప్రజలకు మూసివేసినారు. మా నాయనగారు కట్టమధ్యమున నిలిచి మమ్ములను భుజముపై కెత్తుకొని నీటివంక చూపి, "ఇదంతయు విశ్వేశ్వరయ్యగారి చలువరా" అనెడివారు. ఆ నీటి క్రింద ఏమున్నదో ఆయన చెప్పలేదు, మేమును అడుగలేదు. సంధ్యవేళ దీపములు వెలిగి, చిమ్ముడుగొట్టములు రంగురంగులుగా ఎగజిమ్మునప్పుడు, ఆ చిన్నవయస్సులో అదియే స్వర్గమనుకొంటిమి. చలనచిత్రములవారును అటులే అనుకొనిరేమో, ఎన్ని భాషల నాయికానాయకులు ఆ మెట్లపై పాటలు పాడిరో లెక్కలేదు.

సందేహము ఎట్లు కలిగెనో చెప్పవలయును. ఇది మాకు ప్రతిష్ఠ తెచ్చు కథ కాదు.

1994వ సంవత్సరము. కార్తికమాసము; ఒక శనివారము. మేము కచేరిలో రికార్డుగది ముందర బల్లవద్ద కూర్చుండి యుంటిమి. ఒక ముదుసలి రైతు కంబళి భుజాన వేసికొని వచ్చెను. డెబ్బదియైదేండ్లకు తక్కువ యుండవు. ముంపునకు ముందు కన్నంబాడి ప్రాంతమున తన తండ్రికి ఇల్లుండెననియు, దాని కొలతలు వ్రాసిన కాగితమునకు నకలు కావలెననియు కన్నడమున చెప్పెను. తండ్రి పేరును, క్రొత్త యూరి పేరును చెప్పెను. మేము అర్జీ కాగితము అందించితిమి. చదువు రాదనగా మేమే నింపితిమి. అందులో "నకలు కోరు ప్రయోజనము" అని యొక గడి యుండును. దానికేమి వ్రాయవలెనని యడిగితిమి.

"ప్రయోజనమేమునూ లేదు స్వామీ, ఒకమారు చూచుకొనుటకే" అనెను.

"కోర్టు వ్యాజ్యమా తాతా? పరిహారము బాకీయా?" అని యడిగితిమి.

"పరిహారము మా నాయన నాడే పుచ్చుకొన్నాడు. నేను పుట్టునప్పటికే ఊరు ఖాళీ. మా యమ్మ చెప్పెడిది, ముంగిట పెద్ద అరుగుండెనని. అది ఎన్ని మూరలుండెనో చూడవలెనని కోరిక" అనెను.

చూచుటకు అను ప్రయోజనము మా నిబంధనలలో లేదు. వ్యాజ్యము, వారసత్వము, అమ్మకము, ఋణము, ఇవి కలవు. మేము ఆ మాటయే చెప్పి, మరియొక కారణముతో రమ్మని పంపివేసితిమి. నిజము చెప్పవలెనన్న, నిబంధన ఒక్కటియే కారణము కాదు. ఆ పాతకట్టలు అటకపై నుండెను, నిచ్చెన వేయవలెను, మధ్యాహ్నమయినది, మరునాటి వనభోజనమునకు పులిహోర బాధ్యత మాది. ఆయన రెండుమారులు మెట్లవద్ద ఆగి వెనుకకు చూచెను. మేము తలవంచుకొని ఏదో వ్రాయుచుంటిమి.

మరునాడు ఆదివారము. మన సంఘమువారు రెండు బస్సులలో బృందావనమునకు పోయితిమి. వాడుక ప్రకారము ఉసిరికకొమ్మ నొకదానిని వెంట తీసికొనిపోయి, దానికి పసుపుకుంకుమలు పెట్టి, దీపము వెలిగించి, అటుపిమ్మట విస్తళ్ళు పరచితిమి. పులిహోర, దద్ధ్యోదనము, ముద్దపప్పు, మైసూరు వాసన తగిలినవారము గనుక ప్రక్కన బిసిబేళెబాతు. పిల్లలు పరుగులెత్తుచుండిరి. భోజనానంతరము మేము పచ్చికపై ఒరిగి, కట్టవంక చూచుచుంటిమి. ద్వారమున టిక్కెట్టు కొనునప్పుడు మమ్ములనెవ్వరును "ఏ ప్రయోజనమునకు?" అని యడుగలేదు గదా యని అప్పుడు స్ఫురించినది. మేము వచ్చినదియు చూచుటకే.

సోమవారము నిచ్చెన వేసి వెదకితిమి. కట్ట దొరకినది, ఆయన చెప్పిన తండ్రి పేరుతోనే కాగితము గలదు. ఇంటి నిడివి, వెడల్పు, గోడలు మట్టివనియు, కప్పు నాటుపెంకనియు, ముందర అరుగనియు వ్రాసియుండెను. నకలు వ్రాసి, రుసుము మేమే కట్టి, ప్రయోజనపు గడిలో "వారసత్వము" అని వ్రాసి, అర్జీలోని చిరునామాకు తపాలాలో పంపితిమి. పది దినములకు ఆ కవరు తిరిగివచ్చెను. విలాసదారు లేడని తపాలావారి వ్రాత. ఊరు విడిచిపోయెనో, లోకమునే విడిచెనో, లేక చిరునామా నింపుటలో మేమే పొరబడితిమో తెలియదు. రెండుమారులు ఆ ఊరివైపు పోవువారితో విచారించితిమి, తెలియరాలేదు.

ఆనాటినుండి ఈ విషయమున పలువురితో వాదించి చూచితిమి. మా మిత్రులలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, "లక్షల యెకరములకు నీరు వచ్చినప్పుడు కొన్ని గ్రామములు పోవుట లోకసహజము; పెద్ద మేలుకొరకు చిన్న కీడు సహింపవలెను" అనెను. ఈ వాదమును మేము త్రోసిపుచ్చము. అన్నము తినువారము త్రోసిపుచ్చలేము. కాని దీనియందొక చిక్కు కలదు. మేలు పొందినవాడొకడు, కీడు సహించినవాడు మరియొకడు. తన చిన్న కీడును తానే సహించి తన పెద్ద మేలును తానే పొందువాడు లెక్కలు సరిచూచుకొనవచ్చును. ఒకరి ఖాతాలో ఖర్చు, వేరొకరి ఖాతాలో జమ వ్రాసి, మొత్తము సరిపోయినదని చెప్పు గుమాస్తాను ఏ కచేరిలోను ఉంచుకొనరు.

మరియొకరు, వయస్సున చిన్నవారు, తీవ్రముగా మాటాడువారు, "కాలువ ధర్మమే, దీపము ధర్మమే, తోట మాత్రము విలాసము. ఆకలికొరకు ఊరు ముంచినను క్షమింపవచ్చును, పూలకొరకు క్షమింపరాదు" అనిరి. మొదట మాకును ఇది నచ్చినది. తరువాత విచారింపగా సరికాదని తోచినది. తోటకొరకు ఊరు మునుగలేదు. ఊరు మునిగిన పదియేండ్లకు పైబడి తోట వచ్చినది. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. కాలువనీరు ఎవనికి చేరును? భూమి గలవానికి. విద్యుచ్ఛక్తి ఎవని యింటికి వచ్చును? తీగె వేయించుకొనగలవానికి. అంత పెద్ద పనిలో, సెంటు భూమి లేని కూలివాడు భార్యాబిడ్డలతో పోయి, పచ్చికపై కాలు చాపుకొని, "ఇది నాదికూడ" అనుకొనుటకు వీలైన చోటు ఆ తోట యొక్కటియే. గుండ్లుపేట నుండియు, నంజనగూడు నుండియు సంవత్సరమున కొక్కమారు వచ్చి, రంగునీటి చిమ్ములను నోరు తెరచి చూచి, మిగిలిన బొరుగులు మూటగట్టుకొని పోవు కుటుంబములను మేము ఎన్నిమారులో చూచితిమి. వారి వినోదమును విలాసమనుటకు మాకు నోరాడదు. దినమంతయు వంగి నాటువేయువానికి నడుము నిలుపుకొను చోటు అన్నమంతటి యవసరమే.

కావున తోట తప్పు కాదు. తోటలో ఆనందించుటయు తప్పు కాదు. మరి మా మనస్సునకు గ్రుచ్చుకొన్న ముల్లెక్కడిది? ఆలోచింపగా, మన వనభోజన విధియందే దాని జాడ దొరకినది. పెద్దలు చెట్టుక్రింద కూర్చుండి తినుడని మాత్రము చెప్పి యూరకుండలేదు. ముందు చెట్టునకు నీరు పోసి, పసుపుకుంకుమ లిచ్చి, దీపము పెట్టి, అటుపిమ్మట తినుడనిరి. ఏ చోట కూర్చుందుమో ఆ చోటును ముందుగా పలుకరింపవలెను. మేము కొమ్మను పలుకరించితిమి గాని ఊరిని పలుకరింపలేదు. ఇన్ని సంవత్సరములు పోయితిమి. ఒక్కమారైనను మాలో నెవ్వరును కన్నంబాడి యూరి పేరు పలికి, అచ్చటివారు ఎటుపోయిరని అడిగినట్లు జ్ఞాపకము లేదు.

మన నాగార్జునసాగరము మాట తీసికొందము. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగకముందు పురావస్తుశాఖవారు 1954 నుండి 1960 వరకు త్రవ్వి, కొన్ని స్తూపములను, మంటపములను కొండపై తిరిగి నిలిపిరి. ఆ కొండయే నేడు ద్వీపము. పడవలపై జనులు వినోదయాత్రకు పోవుదురు. బౌద్ధుల రాళ్ళకు ద్వీపము దొరకినది, మంచిది. అక్కడ కాపురమున్నవారి యరుగులు ఎన్ని మూరలో చూపు గది ఆ ద్వీపమున నుండినచో మరింత మంచిదని మా యూహ.

కావేరీతీరముననే మరియొక విహారస్థలము కలదు, దానిని చూచినప్పుడు మాకు కొంత ఊరట. శ్రీరంగపట్టణము చెంత రంగనతిట్టు. 17వ శతాబ్దమున మైసూరు రాజులు కట్టించిన చిన్న అడ్డుకట్ట వలన నదిలో దిబ్బలేర్పడినవి. పిట్టలు వానిని తమ యూరు చేసికొనినవి. 1940లో సలీం అలీగారి ప్రేరణచే సంస్థానమువారు దానిని పక్షిరక్షణస్థలముగా ప్రకటించిరి. 2022లో రాంసర్ జాబితాలో చేరినది. అక్కడ మనుష్యులు తెడ్డు పడవలో కూర్చుండి, దూరముగా నుండియే ఎర్రకాళ్ళ కొంగలను, తెడ్డుమూతి కొంగలను, రాళ్ళపై ఎండకాగు మొసళ్ళను చూచి రావలెను. దిబ్బపై అడుగు పెట్టరాదు. పడవవాడు కేకవేసిన కుఱ్ఱవాని నోరు మూయించుట చూచితిమి. ఒకరి యూరిలో అతిథివలె మెలగి వచ్చు వినోదమిది. అయితే అక్కడను ఒక మాట యున్నది. పైన కన్నంబాడికట్టనుండి నీరు హెచ్చుగా వదలినప్పుడు పడవలు నిలిపివేయుదురు. పల్లపు దిబ్బలు మునిగి గూళ్ళు కొట్టుకొనిపోవును. కొంగలకు అర్జీ యిచ్చుకొను కచేరి లేదు.

ఇటీవలి సంగతి యొకటి చెప్పక తప్పదు. 2024లో కర్ణాటక మంత్రివర్గము బృందావనమును ప్రైవేటు భాగస్వామ్యముతో మహావినోదోద్యానముగా మార్చు పథకమునకు సమ్మతించినది. 2025లో రైతుసంఘములు దానిని వ్యతిరేకించినవి; కట్ట క్షేమమునకు భంగమని వారి భయము. యంత్రముల సంగతి మాకు తెలియదు. పిల్లలకు ఉయ్యెలలు, రాట్నములు వలదనుటకు మేము ముసలితనముచే చెడినవారము కాము. మా చింత టిక్కెట్టును గూర్చి. నంజనగూడు కూలివాడు ద్వారమువద్ద వెల విని, బిడ్డల చేతులు పట్టుకొని వెనుదిరుగు దినము వచ్చెనా, మేము పైన తోటపక్షమున చెప్పిన వాదమంతయు నాడే నీటిలో కలియును. అప్పుడు ఆ తీవ్రభాషియైన చిన్నవాని మాటయే నిజమగును. అది కేవలము విలాసమే యగును.

కన్నంబాడియందు వేణుగోపాలస్వామి గుడి కలదు, హొయసలుల కాలపుది. కట్ట నిండినప్పుడు అదియు మునిగినది. అనావృష్టి కాలమున నీరు తగ్గినప్పుడు స్తంభములు బయటపడుచుండెను; జనులు గుంపులుగా పోయి చూచుచుండిరి. తరువాత ఒక ధర్మసంస్థవారు రాతికి రాయి విప్పి, హొస కన్నంబాడియందు, జలాశయపు టొడ్డునే, 2011 నాటికి తిరిగి నిలిపిరి. మేము ఉద్యోగము చాలించిన పిమ్మట ఒక్కమారు పోయి చూచితిమి. గాలి బలముగా వీచుచుండెను. ప్రాకారపు మంటపములు పొడుగునను బారులు తీరి యున్నవి, ఎదుట నీరు. ఏ వైపున ఊరుండెనని అక్కడి పూజారిగారి నడుగగా, ఆయన వ్రేలితో నీటి నడుమ నొక తావు చూపి లోపలికి పోయెను. మేము చాలసేపు ఆ తావువంక చూచితిమి. అలలు తప్ప వేరేమియు లేవు. చొక్కాజేబులో ఆ తిరిగివచ్చిన కవరుండెను; ఎందుకు తెచ్చితిమో మాకే తెలియదు. దానిని ఎవ్వరికిచ్చుట? మరల ఇంటికే తెచ్చితిమి.

ఈ యేటి కార్తికమున గూడ బృందావనమునకే పోవలెనని కార్యవర్గము నిశ్చయించినది. ఉదయముననే బయలుదేరి, ముందు హొస కన్నంబాడికి పోయి, ఉసిరికకొమ్మకు పూజ అక్కడనే చేసి, పిమ్మట తోటకు పోదమని మేము కోరితిమి. బస్సు యజమాని దారి చుట్టగునని మరి పదునైదువందలు అడిగినాడు. కోశాధికారిగారు మొదట ఒప్పుకొనలేదు. ఆ మొత్తమును మా పేరనే చందాపుస్తకమున వ్రాసికొనుడని చెప్పితిమి. దేనికొరకని వ్రాయవలెనని యడిగిరి. చూచుటకు అని వ్రాయించితిమి.